వదిన వరస

పడవ అమ్మిన డబ్బు కోటు లోపలి జేబులో ఉంది.
ఇంజను షెడ్డులోనే మిగిలింది, దాన్ని ఎవరూ అడగలేదు.
తాలిన్‌లో నవంబరు, మూడున్నరకే చీకటి.
కొట్టు తలుపు తోస్తే గంట మోగలేదు.
వినడానికొచ్చేవాళ్ళకి అడ్డమని విప్పేశారట.

"ఇంట్లో ఏముంది?" అంది లీస్‌బెత్,
పొద్దున ఏం తిన్నావని డాక్టరు అడిగినట్టు.
ఒకటుంది. తోలు దిండ్లు, మూసిన గిన్నెలు.
పెట్టుకుంటే కంబళి కప్పుకున్నట్టుంటుంది.
"అయితే దాని చెల్లెల్ని మీకు చూపించను.
రెండోది మొదటిదానికి వదిన వరస కావాలి.
ఇది దాచింది అది బయటపెట్టాలి,
అది వేసిన ముడి ఇది విప్పాలి."

ముప్ఫయ్యేళ్ళు ట్రాం నడిపాను.
అన్నేళ్ళూ మంగళవారం సాయంత్రాలు
బృందంలో మంద్రం పాడాను.
మంద్రమంటే ఎవరూ చెవి కోసుకోరు,
మేం ఆపేస్తే మాత్రం పైవాళ్ళందరికీ కాళ్ళకింద నేల జారుతుంది.

పెన్‌డ్రైవు ఇచ్చాను.
ఎనభై మూడు ఫిబ్రవరి, విల్యాందిలో ఒక హాలు,
హీటరు పనిచెయ్యని రాత్రి.

ఆమె ఒక పెట్టె తెరిచింది.
బూడిదరంగు చెక్క, వెనకంతా జల్లెడ,
లోపల ఉల్లిపొర కన్నా పలచనిదేదో
రెండు అయస్కాంతాల మధ్య
ఊపిరి బిగబట్టి నిలబడి ఉందట.
ధర చూస్తే నా పడవలో ముప్పాతిక.

పెట్టుకున్నాను.
మొదట పాట రాలేదు. గది వచ్చింది.
కుర్చీ కిర్రుమంది. ఎవరిదో కోటు జిప్పు.
మూడో వరసలో విల్మార్ దగ్గు మింగుతున్నాడు
(తర్వాత ఆ దగ్గే అతన్ని మింగింది).
కాగితాలన్నీ ఒక్కసారి తిరిగాయి, ఒకటి తప్ప.
తర్వాత నేను.
నలభై మందిలో, ఎడమవైపు, కొంచెం వెనగ్గా,
అందరికన్నా వెంట్రుకవాసి కింద,
శ్రుతి అంచు పట్టుకుని వేలాడుతూ నేను.
నలభై రెండేళ్ళుగా
బాగా పాడాననుకున్న పాట.

"ఎలా ఉంది?"
ఎవరో నా చెవులు కడిగి తిరిగి పెట్టినట్టుందన్నాను.

సంచిలోంచి పాతది తీసి, అదే పాట.
ఇప్పుడు నేను ఎక్కడా లేను.
నలభై గొంతులూ ఒకటే రొట్టె,
పొయ్యిలోంచి అప్పుడే తీసిన నల్లటి రై రొట్టె,
ఏ గింజ ఎవరిదో చెప్పలేం.

"ఏది నిజం?"
ఫ్లాస్కులో టీ రెండు కప్పుల్లో వంచి
నీలంరంగు గోళ్ళవైపు కాసేపు చూసుకుంది.
"ఒకటి సాక్ష్యం చెబుతుంది,
ఒకటి సర్దిచెబుతుంది.
దిగులు రోజుకి కంబళి, హుషారు రోజుకి జల్లెడ,
అందరూ అలాగే కొంటారు."

నాది తలకిందుల లెక్క.
మంచి రోజున పేరు లేకుండా
ఆ రొట్టెలో కలిసిపోవాలి నేను.
చెడ్డ రోజున,
మంచు కిటికీ అంచుదాకా లేచి
ఫోను పలకని సాయంత్రం,
వెంట్రుకవాసి కిందున్న ఆ కుర్రాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని
పరవాలేదురా, ఇంకొంచెం పైకి, అనాలి.
విల్మార్‌కి మంచినీళ్ళు ఇవ్వలేను,
విన్నానని చెప్పాలి.

డబ్బు లెక్కపెట్టాను. మిగిలినవి మిగిలాయి.
"ఆ ఇంజను కూడా అమ్మితే మంచి యాంప్లిఫయరు వస్తుంది,"
అంది. నవ్వుతుందేమోనని చూశాను.
నవ్వలేదు.

పెట్టె ఒళ్ళో పెట్టుకుని కోప్లి ట్రాం ఎక్కాను.
డ్రైవరు కొత్తవాడు,
మలుపు దగ్గర తొందరపడి బ్రేకు వేశాడు.
పట్టా కీచుమంది,
ఏ హెడ్‌ఫోనూ ఓర్చుకోని ఆ ఎత్తులో.
అది ఏ స్వరమో నాకు తెలుసు,
వేలసార్లు నా చేత్తో పలికించినదే.
నోరు విప్పకుండా
దాని కింద మంద్రం అందుకున్నాను.

ఎదురు సీట్లో పిల్ల
ఒక చెవిలోది తీసేసి
నావైపు చూసింది.